‘తండ్రి వృత్తి’ అనే గడి

2021 వేసవి చివర. కరోనా రెండోసారి కొట్టిన దెబ్బ నుంచి సూరత్ అప్పుడప్పుడే తేరుకుంటోంది. గోడాదరాలో మా దుకాణం షట్టరు సగం దించే ఉండేది, వచ్చేవాళ్లు వంగి లోపలికి వచ్చేవారు. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ఒక కంప్యూటరు, ఒక స్కానర్, ఒక జిరాక్సు యంత్రం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. వైర్లకు దుమ్ము పడదని చెప్పులు బయటే విప్పిస్తాను. బోర్డు మీద గుజరాతీలోనూ తెలుగులోనూ ‘ఆన్‌లైన్ ఫారాలు నింపబడును’ అని ఉంటుంది. ఆ గల్లీలో నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఫారం కాకా అంటారు.

నేను బడిలో కూర్చున్నది తక్కువ. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో ఇక్కడి పవర్‌లూమ్‌ల మీద పనికి వచ్చాను. గుజరాతీ అక్షరాలు శనగపిండి గాంఠియా పొట్లం కట్టిన పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు నేర్పింది ఫారాలే. మగ్గాల మోతకు చెవులు మందగించాక ఆ పని మానేసి ఈ పనిలోకి దిగాను. అందుకే నేను మెల్లగా మాట్లాడలేను. కోపంతో అరుస్తున్నానని కొందరు అనుకుంటారు. సగం సార్లు వాళ్లు అనుకున్నదీ నిజమే.

ఈ పనిలో కోపం రాకుండా ఉండాలంటే మనిషి రాయి అయి ఉండాలి. పోర్టల్ అంటే ప్రభుత్వమో కాలేజీయో తెరిచిన కంప్యూటరు కిటికీ, అవతల ఎవరూ కూర్చోరు. ఓటీపీ అంటే ఫోనుకు వచ్చే రహస్య సంఖ్య. ఫోను రీచార్జి లేకపోతే నువ్వు నువ్వు కావు. అన్నిటికన్నా ఘనమైనది డ్రాప్‌డౌన్. గడి మీద నొక్కితే కిందికి జారే జాబితా అది. అందులో ఉన్నవాటిలోంచే ఒకటి ఎంచుకోవాలి. మనిషి ఆ జాబితాలో ఇమడకపోతే తప్పు జాబితాది కాదు, మనిషిది.

అలాంటి ఒక గడి దగ్గర ఇరుక్కుపోయిన అమ్మాయి సంగతి చెబుతాను.

పేరు శ్రావణి. పుట్టిందీ పెరిగిందీ గోడాదరాలోనే, గుజరాతీ బడిలో చదివింది, నర్సింగు డిగ్రీ చేసింది. తండ్రి నర్సయ్య పవర్‌లూమ్ కార్మికుడు. నేను మగ్గం వదిలేనాటికి అతను కొత్తగా పనిలో చేరాడు. తల్లి విజయ రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు ఇంట్లో కూర్చుని రాళ్లు అతికిస్తుంది. 2020లో మొదటి లాక్‌డౌన్ సడలించాక శ్రావణి కాంట్రాక్టు నర్సుగా ఇంటింటి జ్వరాల సర్వే బృందంలో పనిచేసింది. ఆ ఏడాది గడిచాక, ఇంకా చదువుతానంది.

తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి ఎందుకంటే, ఇంట్లో కాగితాలన్నిటికీ ముడిపెట్టిన ఫోను ఆయన జేబులో ఉంటుంది. ఓటీపీ దానికే వస్తుంది.

“ఏం చదువు బిడ్డా ఇది?” అన్నాను.

“ఎంపీహెచ్ తాతా. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. ప్రజారోగ్యం.”

“నేను గూడ అడిగిన కాకా,” అన్నాడు నర్సయ్య, మాస్కు గడ్డం కిందికి లాగి. “డాక్టర్ గాదంట. నర్సు ఇదివరకే అయింది. మరి ఏందో! ఇంట్ల మా ఆమె అడుగుతది, చెప్పరాదు నాకు.”

“గల్లీ అంతటికి ఒక్కటే రోగం ఎందుకొస్తుందో చూసే చదువు నాన్నా.”

“వస్తే మందియ్యాలె గని, ఎందుకొచ్చినవే అని రోగాన్ని అడుగుతరా?”

ఆ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. నర్సయ్య మాత్రం నిజంగానే అడిగాడు.

దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పెట్టాలి. దాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు, ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పుకునే కాగితం. ఏజెంట్లు వీటిని చీరల మాదిరి అమ్ముతారు. బుటా ఒక్కటే, రంగు మారుస్తారు. ‘చిన్ననాటి నుంచి సేవ చేయాలని నా కల’ అని మొదలై, ‘మీ మహత్తర సంస్థ’ అని ముగుస్తుంది. అలాంటివి అప్‌లోడ్ చేసీ చేసీ నాకు కంఠతా వచ్చు. శ్రావణి మాత్రం తనే రాసుకుని తెచ్చింది. పదాల లెక్క మించిందేమో చూడమంటే చదివాను. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

అందులో ఉన్నది ఇదీ. సర్వేలో భాగంగా ఒక మగ్గాల షెడ్డుకు వెళ్లారు. ఎవరికైనా జ్వరం తేలితే షెడ్డుకు తాళం పడే రోజులవి. పైగా మా షెడ్లలో చాలామంది పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. తక్కువమందిని చూపిస్తే చట్టాలు అంత దగ్గరికి రావు. అందుకని ఎవరైనా లెక్క అడగడానికి వస్తున్నారంటే మేస్త్రీ ఈల వేస్తాడు, రిజిస్టరులో లేనివాళ్లంతా డాబా మీదికి ఎక్కేస్తారు. నా కాలం నుంచీ ఉన్న ఆచారమే. నేనూ ఎక్కినవాణ్ణే. ఆ రోజు షెడ్డు యజమాని సేఠ్ పదిమందే అన్నాడు. బృందానికి పెద్దాయన పదే రాసుకున్నాడు. శ్రావణి మెట్ల దగ్గర విప్పిన చెప్పులు చూసింది. పదిమందికి అన్ని చెప్పులుండవు. వాటిలో ఒక జత పట్టీని నారింజరంగు జరీ పోగుతో కుట్టి ఉంది. ఆ కుట్టు వాళ్ల అమ్మ కుట్టింది. తండ్రి డాబా మీద ఉన్నాడు. కింద కూతురు ఆయన లేడని రాసే బృందంలో ఉంది. నోరు విప్పితే తండ్రి పని పోతుంది. విప్పలేదు.

ఆ రోజు డాబా మీద నిలబడ్డవాళ్లలో భూమయ్య అనే మనిషికి జ్వరం. పరీక్ష జరగలేదు. కొద్దిరోజులకే ఊరికి పోయే బస్సెక్కాడు. ఊరు చేరాక బతకలేదని కబురొచ్చింది. ‘నేను లెక్కపెట్టని మనుషులను లెక్కపెట్టడం నేర్చుకోవాలని ఈ చదువు చదవాలనుకుంటున్నాను’ అని వ్యాసం ముగించింది.

నర్సయ్యకు ఇంగ్లీషు రాదు. ఎదురుగా కూర్చుని గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. ఆ పిల్ల నావైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు. నేను నొక్కాల్సింది నొక్కాను.

తర్వాతి గడి: తండ్రి వృత్తి.

“లూమ్ వర్కర్ అని రాయి తాతా,” అంది శ్రావణి.

“ఏయ్, ఆగు!” నర్సయ్య లేచి నిలబడ్డాడు. “ఓన్ బిజినెస్ అని రాయి కాకా. బడి నుంచి గట్లనే ఉన్నది.”

“ఏం బిజినెస్‌రా నీది? మిల్లు కొన్నవా నాకు చెప్పకుండ?”

“నువ్వు జర ఊకో కాకా. లేబర్ అని రాస్తే పెద్ద కాలేజోళ్లు లోపలికి రానిస్తరా?”

ఇది నర్సయ్య ఒక్కడి పిచ్చి కాదు. మా గల్లీలో బడి అర్జీ నుంచి పెళ్లి బయోడేటా దాకా తండ్రులందరూ వ్యాపారస్తులే. అడిగితే జీతం చీటీ చూపించలేరు కాబట్టి కొంత, చూపించాలని లేదు కాబట్టి కొంత. కాగితాల ప్రకారం గోడాదరాలో అందరూ సేఠ్‌లే, మగ్గాలు వాటంతటవే నడుస్తున్నాయి! నేను ఈ మాటే పైకి అరిచాను. జాబితాలో చూస్తే ప్రభుత్వోద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం, ఇతరములు ఉన్నాయి. సగం దేశానికి బట్ట నేసేవాడు ‘ఇతరములు’ అట.

“రాయి తాతా, ఓన్ బిజినెస్,” అంది శ్రావణి చివరికి. “ఓటీపీ టైమ్ అయిపోతుంది.”

ఎంపికైంది. ఇంటర్వ్యూ కంప్యూటరు మీదే జరిగింది. సీటు ఇస్తున్నామని ఉత్తరం వచ్చిన రోజు విజయ నాకు బెల్లం పరమాన్నం పంపింది. ఆ ఉత్తరం అడుగునే ఫీజు కూడా ఉంది. అది చూశాక పరమాన్నం గిన్నె పక్కన పెట్టాను. చదువు రుణం ఇస్తామని బ్యాంకు అంది కానీ మొత్తానికి కాదు. మిగిలినదానికి ఒకటే దారి, ఫీ వేవర్. పేద పిల్లలకు కాలేజీ ఫీజు తగ్గించే ఏర్పాటు అది. దానికి అర్జీ పెట్టాం.

జవాబు మర్యాదగానే వచ్చింది. మీ దరఖాస్తులో తండ్రి సొంత వ్యాపారం అని ఉంది, మీ వ్యాసంలో తండ్రి మగ్గం కార్మికుడని ఉంది, రెండింటిలో ఏది నిజం? వ్యాపారమైతే పన్ను కాగితాలు పంపండి. కార్మికుడైతే పనిచేస్తున్నట్టు ఆధారం పంపండి. ఫలానా తేదీ దాటితే సీటు వేరొకరికి పోతుంది.

నర్సయ్యను పిలిపించక తప్పలేదు.

“వ్యాసమా? ఏం వ్యాసం?” అన్నాడు. “నా గురించి ఏం రాసినవు బిడ్డా?”

శ్రావణి తల దించుకుంది. “తాతా, నువ్వే చదువు.”

చదివాను. ఇంగ్లీషు ముక్క చూసి తెలుగులో చెబుతూ పోయాను. నా గొంతు పెద్దది కదా, ఆ రోజు మాత్రం దాన్ని ఎంత తగ్గించాలో తెలియలేదు. జరీ పోగు దగ్గరికి వచ్చేసరికి నర్సయ్య తన కాళ్లవైపు చూసుకున్నాడు. చెప్పులు బయట ఉన్నాయి.



“చూసినవా?” అన్నాడు.

“చెప్పులు చూసిన నాన్నా.”

“మరి ఇంటికొచ్చినంక అడగలేదేంది?”

“నువ్వు చెప్పలే.”

“నేనేం చెప్పాలె! పైనుంచి చూస్తనే ఉన్న. తెల్లకోటు వేసుకోని నువ్వు కిందికెల్లి పోతున్నవు. భూమన్న నా భుజం మీద చెయ్యేసి, ‘నీ బిడ్డనే గదరా, ఎంత మంచిగున్నది’ అన్నడు. చెయ్యి కాలిపోతున్నది. పిలుద్దునా అనుకున్న. పిలిస్తే…” ఆగిపోయాడు. “పిలవలే.”

శ్రావణి ఏడవలేదు. నేను ఊహించింది అదే కానీ ఏడవలేదు. “నాన్నా, ఓన్ బిజినెస్ అంటే గది ఖోటూ,” అంది, గుజరాతీ మాట కలిపి. “అబద్ధం రాసి ఈ చదువుకు పోలేను. పోతే నువ్వు ఉన్నవని రాసి పోత. లేకుంటే ఇక్కడ్నే నర్సు పని చేసుకుంట.”

నర్సయ్య వంగి షట్టరు కిందినుంచి వెళ్లిపోయాడు.

మర్నాడు సేఠ్ దగ్గరికి పోయాడట. తిరిగి వచ్చి నా ముందు కూర్చుని చెప్పాడు. “మంచిగనే మాట్లాడిండు కాకా. చాయ్ తాపిండు. ‘నర్సూ, నీ బిడ్డ నా బిడ్డ లెక్క. పైసలు గావాలంటే పేష్గీ తీస్కో, ఎంతంటే అంత. లెటర్ మాత్రం అడగకు’ అన్నడు.”

“ఎందుకట?”

“‘లెటర్ ఇస్తే నువ్వు ఉన్నట్టయితది. నువ్వు ఉంటే మిగిలినోళ్లందరు ఉన్నట్టే. నేను యాడికి పోవాలె?’ అన్నడు.”

నాకు ఒళ్లు మండింది. చూశారా, డబ్బు ఇవ్వగలడు, మనిషి ఉన్నాడని ఒక్క ముక్క రాయలేడు! దయకు కొదవ లేదు, సంతకానికే కరువు. నాలుగు బూతులు కూడా తిట్టాను, ఇక్కడ రాయను.

“పేష్గీ తీసుకుంటివా?” అని అడిగాను. పేష్గీ అంటే కూలీలోంచి కోసుకునే ముందస్తు సొమ్ము. అది తీరేదాకా ఆ షెడ్డు గడప దాటడానికి లేదు.

“తీస్కుంటే ఫీజు కట్టొచ్చు,” అన్నాడు నర్సయ్య. “గని నేను ఇంకో పదేండ్లు డాబా మీదనే.” మళ్లీ అడిగాడు: “సేఠ్ ఇయ్యకుంటే నేనే రాసియ్యరాదా కాకా? నేను ఉన్నానని నేను చెప్తే చెల్లదా?”

ముప్ఫై ఏళ్లుగా ఈ బల్ల వెనక కూర్చున్నాను, ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. చెల్లుతుంది అన్నాను. దాన్ని అఫిడవిట్ అంటారు. స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి, నోటరీ ముందు సంతకం పెట్టే వాంగ్మూలం. అబద్ధమైతే శిక్ష. తోటి పనివాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెడితే బలం. శ్రావణి కాలేజీకి ఫోన్ చేసి అడిగింది. పంపండి, చూస్తాం అన్నారు. ఒప్పుకుంటామని మాత్రం అనలేదు.

చిక్కల్లా సాక్షుల దగ్గరే. నర్సయ్య ఉన్నాడని సంతకం పెట్టేవాడు తానూ ఉన్నానని ఒప్పుకుంటున్నట్టే. సేఠ్ చెవిన పడితే వాళ్ల గతేమిటి? నేను ఆ మాట దాచకుండా చెప్పాను. “ఇద్దరు దొరుకుతరా?” అన్నాను. “అడుగుత,” అన్నాడు.

షెడ్డు సెలవు రోజున నోటరీని దుకాణానికే రమ్మన్నాను. కాగితం ఇంగ్లీషులో తయారుచేసి తెలుగులో చదివి వినిపించాను: ‘నేను ఇన్నేళ్లుగా పవర్‌లూమ్ కార్మికుడిని. నాకు జీతం చీటీ లేదు. నా పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. అయినా నేను పనిచేస్తున్నాను.’ చివరి వాక్యం చట్టానికి అక్కర్లేదని నోటరీ అన్నాడు. ఉంచమన్నాను. ఉంచాడు.

సాక్షుల కోసం చూస్తున్నాం. షట్టరు కింద ఒక తల వంగింది. మల్లేశం, నర్సయ్య పక్క మగ్గం మనిషి. వెనక ఇంకొకరు. వాళ్ల వెనక ఇంకొకరు. ఒడిశా మనుషులు ముగ్గురు. నేను షట్టరు పూర్తిగా పైకి లేపాను. దుకాణం నిండింది, మిగిలినవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. అందరి మూతులకూ గుడ్డలు. భూమయ్యను ఊరి బస్సెక్కించినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారని తర్వాత తెలిసింది.

“ఇద్దర్నే గదరా తెమ్మన్నది!” అన్నాను.

“ఇద్దరు పెడితే ఇద్దర్ని తీసేస్తడు కాకా,” అన్నాడు మల్లేశం. “అందరం పెడితే మగ్గాలు ఎవడు నడుపుతడు, సేఠ్ అల్లుడా?”

నవ్వులు లేచాయి. గుమ్మంలోంచి ఎవరో అరిచారు: “ఓ ఫారం కాకా, నోటరీ సాబ్ లెక్క పెడుతున్నడు, నీ దుకాన్‌కు డాబా లేదా?”

“రేకుల కప్పు బిడ్డా, ఎక్కితే కూలుతది. కిందనే ఉండున్రి!”

సంతకాలు జరుగుతుండగా మల్లేశం అడిగాడు, “ఇంతకు ఏం చదువురా నీ బిడ్డది?” శ్రావణి నోరు తెరవబోయింది. నర్సయ్య చేత్తో ఆపాడు.

“చెప్త విను. పోగు తెగితే ఏం చేస్తవు?”

“అతుకుత.”

“అదే మగ్గం మీద దినాం అదే పోగు తెగితే?”

“దినాం అతుకుత. ఏం చేస్త మరి?”

“ఎందుకు తెగుతున్నదని అడిగే చదువు అది,” అన్నాడు నర్సయ్య.

మల్లేశం “అయితే సేఠ్‌కు నచ్చదు,” అని కలం అందుకున్నాడు. ఒడిశా మనుషులు తమ లిపిలో గుండ్రంగా సంతకాలు చేశారు. ఒకరిద్దరు వేలిముద్రలు వేశారు. కాగితం చాలక ఇంకోటి జోడించాం.

శ్రావణి గడప దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. విప్పిన చెప్పులు రోడ్డుదాకా ఉన్నాయి. వాటిని చూసి, వెనక్కి తిరిగి లోపలివాళ్లను చూసింది. మళ్లీ చెప్పులను చూసింది. “సరిపోయింది తాతా,” అంది మెల్లగా. నాకు మెల్లగా అన్న మాటలు వినపడవు. పెదవులు చూసి తెలుసుకున్నాను.

కాలేజీ ఒప్పుకుంది. ఫీజు పూర్తిగా తీసేయలేదు, సగానికి పైగా తగ్గించింది. మిగతాదానికి బ్యాంకు రుణం సరిపోయింది. అందరూ క్షేమమని కథల్లోలా రాయలేను. ఆ కాగితం సంగతి సేఠ్‌కు తెలిసింది. ఎవరినీ తీసేయలేదు కానీ నర్సయ్యను కొన్నాళ్లు పాత మగ్గాల మీద వేశాడు, రాబడి తగ్గింది. అతని పేరు రిజిస్టరుకు ఇప్పటికీ ఎక్కలేదు. ఒక్క అఫిడవిట్‌తో లోకం మారుతుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

నేను నేర్చుకున్నది ఒకటుంది. ఫారాలు మన పిల్లలను ముందుకు తోస్తాయని, అందుకోసం వాటికి నచ్చినట్టు మనల్ని కత్తిరించుకోవాలని మా గల్లీ అంతా నమ్మింది. సిగ్గుపడి మేం రాసుకున్న ‘ఓన్ బిజినెస్’ సేఠ్‌ల పని తేలిక చేసింది. వాళ్లు రిజిస్టరులోంచి తీసేసిన మనిషిని మేం ఫారంలోంచి కూడా తీసేశాం. ఇక ఉన్నాడని చెప్పడానికి మిగిలింది మెట్ల దగ్గర చెప్పులే. ఇప్పుడు ఎవరొచ్చి తండ్రి వృత్తి ఓన్ బిజినెస్ అన్నా ‘ఇతరములు’ నొక్కుతాను. పక్కన వివరాలు అడిగే చిన్న గడిలో పవర్‌లూమ్ కార్మికుడు అని పూర్తిగా కొడతాను. కొందరు నాతో కొట్లాడి వేరే దుకాణానికి పోతారు. పోనివ్వండి.

మొదటి నెలల్లో క్లాసులు ఇంటి నుంచే. ఇంటి నిండా చీరల మూటలు, నెట్ అందదు. అందుకని శ్రావణి మా దుకాణంలో కూర్చుని వినేది. ఒక రోజు ఏదో అడగడానికి తన మైకు తెరిచింది. అవతల పాఠం చెబుతున్నాయన ఆగి, అదేమిటి ఆ మోత, రైలు పక్కన కూర్చున్నావా అని అడిగాడు. నాకు ఆ మోత ఎప్పుడో వినపడడం మానేసింది, అందుకే ఆయన దేన్ని గురించి అడుగుతున్నాడో క్షణం అర్థం కాలేదు.

శ్రావణి మైకు మూయలేదు.

“కాదు సర్,” అంది. “పక్క గల్లీలో మా నాన్న పనిచేస్తున్నారు.”